ఐదో సీసా

మోకాలికి పాయింట్లున్నాయి,
చిటికెన వేలికీ ఉన్నాయి.
పగిలిన హెల్మెట్‌కి రసీదు చాలన్నారు.
బండి వయసు తొమ్మిదేళ్లూ తీసేసి
మిగిలిన ఇనుముకి ధర కట్టారు.
ముక్కు దగ్గరికొచ్చేసరికి
గుమస్తా కలం ఆపి నా మొహంలోకి చూశాడు:
"చక్కగానే ఉందిగా, ఇదలీనా గారూ?"

చక్కగానే ఉంది. మా అమ్మ ముక్కు.

మతొజీన్యోష్ రేవుకి, తెల్లవారుజామున నాలుగింటికి,
చేపల వేలం అందుకోవాలని పోతున్నాను.
బేకరీ వ్యాన్ ఒకటి
వెనక ఎవరున్నారో చూడకుండా వెనక్కొచ్చింది.
నాకు గుర్తున్న ఆఖరి వాసనలు:
తడిసిన రాళ్ల రోడ్డు, కారిన పెట్రోలు,
వాటన్నిటి మీదా వేడి రొట్టె.
పడిపోయి కూడా ఆకలేసింది నాకు.

ఇరవయ్యారేళ్లు ఈ ముక్కుతోనే బతికాను.
సార్డీన్ మొప్ప ఎత్తి ఒక్కసారి పీలిస్తే చాలు,
ఏ రాత్రి వలలో పడిందో,
ఏ పడవవాడు ఐసు దగ్గర పిసినారితనం చేశాడో
మొహం మీదే చెప్పేసేదాన్ని.
ఇప్పుడు పక్క బల్ల జెనొవేవా కొడుకుని అద్దెకి తెచ్చుకున్నాను.
వాడు వాసన చూస్తాడు, నేను బేరమాడతాను.
వాడికి జలుబు చేస్తే నాకు సెలవు.

"ఇన్సూరెన్సు వాళ్ల ముక్కు పిండి వసూలు చేద్దాం"
అన్నాడు లాయరు ఫిర్మీను.
ఎవరి ముక్కు, అన్నాను.
ఆయన నవ్వలేదు. ఫీజు సంగతికొచ్చాడు.

వాళ్ల డాక్టరు గదిలో కళ్లు మూసుకోమన్నారు.
ఒక సీసా. ఏమీ లేదు.
ఇంకొకటి. ఏమీ లేదు.
(కాఫీ, లవంగం అని తర్వాత తెలిసింది.)
మూడోదీ నాలుగోదీ అంతే,
గోడ దగ్గర నిలబడి గోడని వాసన చూస్తున్నట్టు.
ఐదోది తెరవగానే
కళ్లలోంచి నీళ్లు, గొంతులో మంట.
అప్పటికి నోటికి అలవాటైపోయింది:
"ఏమీ లేదు."

అలవాటేనా? కాదు.
ఒక్క "ఉంది" అంటే
నాలుగు "లేదు"లూ కొట్టేస్తారని భయం.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది.
అమ్మోనియా వాసన కాదట, పోటట.
ముక్కు చచ్చినవాళ్లకీ తగులుతుందట.
తగల్లేదన్నవాళ్లు
అబద్ధం చెబుతున్నట్టు లెక్కట.

ఫిర్మీను బల్ల మీద కొట్టాడు.
నాకైతే డాక్టరు మీద కోపం రాలేదు.
నేనూ అంతే కదా,
పెట్టెలో ఒక్క చేప మెత్తబడితే
పెట్టె మొత్తం వెనక్కి పంపేదాన్ని.

ఇంక సాక్షులే దారి అన్నాడు.
పాలు మాడి, గిన్నె నల్లబడి,
పై అంతస్తు వాళ్లు తలుపు బాదిన రాత్రి ఒకటుంది.
అది చాలదట.
మరి రెండోది?
కుర్రాడు రాని ఓ శనివారం
నా ఆడపడుచుకి అమ్మిన కానాగడత.
రెండ్రోజులు మంచం దిగలేదు ఆవిడ.
ఎవరికీ చెప్పలేదు, నా మీద జాలితో.

లాయరు కళ్లు వెలిగాయి. "ఆవిణ్ణి పిలుద్దాం."
ఆవిడ చెబితే గెలుస్తాను.
ఆవిడ చెబితే
బజారంతా ముక్కున వేలేసుకుంటుంది,
ఆ వేలు తీసి నా బల్ల వైపు చూపిస్తుంది.
నా ముక్కు పోయిందని రుజువైన రోజే
నా కొట్టూ పోతుంది.
దానికి మాత్రం పట్టికలో పాయింట్లు లేవు.
వెతికించాను.

వచ్చే మంగళవారం వాయిదా.
ఆడపడుచు నిన్న వచ్చి
చేపలు కొనకుండా కాసేపు నిలబడింది.
"ఏం చెప్పమంటావ్?" అంది.
కుర్రాడు మొప్పలెత్తి ఒక్కొక్కటే పీలుస్తున్నాడు,
ఇది బావుంది, ఇది బావుంది అంటూ.

మళ్లీ సీసాలు తెస్తే
ఈసారి ఐదోదానికి సరిగ్గా చెబుతాను:
ఇది వాసన కాదు డాక్టరుగారూ, దెబ్బ.
ఆడపడుచుకి మాత్రం
ఇంకా ఏమీ చెప్పలేదు.